స్టిక్కరుందిగా, ఇంకేం కావాలి?

"ఇంట్లో కూర్చుని చేసేదాన్ని కాలిబ్రేషన్ అనరు బాసూ, టైంపాస్ అంటారు." మొన్న లంచ్ టేబుల్ దగ్గర మా టీములో ఒకాయన ఇలా తీర్పు చెప్పేసి పెరుగన్నంలో మునిగిపోయాడు. పక్కనున్న ఇద్దరు తలలు కూడా ఊపారు. రెండింటికి మీటింగ్ ఉండబట్టి అప్పటికి నోరు మూసుకున్నాను. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

ముందు కథ చెప్పాలి. లేకపోతే నా వాదన మీకు ఉత్త చాదస్తంలా కనిపిస్తుంది.

రెండేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక స్క్రాప్ దుకాణంలో పాత ఆసిలోస్కోపు కొన్నాను. ఇరవై మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్ళు, పచ్చగా వెలిగే ట్యూబు, ఎనిమిది గళ్ళ ఎత్తు, పది గళ్ళ వెడల్పు. మనలో ఈసీఈ, ట్రిపుల్ఈ చదివినవాళ్ళందరూ ల్యాబులో ఇలాంటిదాని చుట్టూనే ఆరుగురు మూగి ఉంటారు. ఒకడు నాబ్ తిప్పేవాడు, మిగతా ఐదుగురూ వాడి రికార్డు చూసి రాసుకునేవాళ్ళు. నేను ఐదుగురిలో ఒకణ్ణి. ఇదీ ఏదో మూతపడ్డ ఇంజనీరింగ్ కాలేజీ సరుకేనట. ముందు ప్యానెల్ మీద ఒక స్టిక్కరు: "కాలిబ్రేటెడ్, ఓకే", కింద తేదీ, ఓ పొడి సంతకం. దుకాణం వాడు స్కోపుకి ఉండే క్యాల్ టెర్మినల్‌కే ప్రోబు తగిలించి చూపించాడు. ఆ టెర్మినల్ మీద 2 వోల్టులు అని అచ్చేసి ఉంది. గడికి అర వోల్టు పెడితే నాలుగు గళ్ళు రావాలి. ఛానెల్ వన్‌లో సరిగ్గా నాలుగు గళ్ళొచ్చాయి. ఛానెల్ టూలో మూడున్నరే. "టూ కొంచెం వీక్ సార్, వన్ మాత్రం పర్ఫెక్ట్" అన్నాడు. టూ వీక్ అయినందుకు అయిదొందలు తగ్గించి నాలుగు వేలకిచ్చాడు. బేరం కుదిరిందని మురుసుకుంటూ ఇంటికొచ్చాను.

నేను దాన్ని వాడింది తక్కువ. మా వర్ధన్నపేటలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు, టీవీ బోర్డులు, ఎలక్ట్రానిక్ కాంటాలు రిపేరు చేసే అన్న ఒకాయన ఉన్నాడు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. సంక్రాంతికి ఐనవోలు జాతర చూద్దామని ఊరెళ్ళినప్పుడు స్కోపు కార్లో వేసుకెళ్ళి ఆయనకిచ్చేశాను. "వన్ మీదనే చూడు అన్నా, టూ వీక్" అని జాగ్రత్త కూడా చెప్పాను. బీటెక్ చేసినవాళ్ళం కదా, జాగ్రత్తలు చెప్పడం మన జన్మహక్కు.

రెండు నెలల తర్వాత ఫోన్. "తమ్మీ, నీ మిషిన్ కాంటా తప్పున్నది."

ఏం జరిగిందంటే, ఆయన దగ్గరికి రెండు ఇన్వర్టర్ బోర్డులు వచ్చాయి. వాటిలో మాస్ఫెట్ల గేట్లకి వెళ్ళే పల్సులు 12 వోల్టులుండాలి. స్కోపు ఛానెల్ వన్‌లో 13.7 కనబడింది. డ్రైవర్ ఐసీ పోయిందనుకున్నాడు. మార్చాడు. మళ్ళీ 13.7. రెండో బోర్డు, అదీ అంతే. ఐసీల ఖర్చు పెద్దది కాదు గానీ, బాగున్న బోర్డుని వేడిచేసి పీకితే ఏమవుతుందో చేసినవాళ్ళకి తెలుసు. ఒక బోర్డులో ట్రాకు లేచిపోయింది, ఆ బోర్డు మరి లేవలేదు. కొత్త బోర్డు డబ్బులు ఆయన జేబులోంచే కట్టాడు. బోర్డు తాలూకు మనిషి దుకాణం ముందు నిలబడి నాలుగు మాటలన్నాడట కూడా. అప్పుడు కూర్చుని ఆలోచించి నన్నడిగిన ప్రశ్న ఇది: "పన్నెండు వోల్టుల సప్లయి ఇచ్చినంక పదమూడున్నర ఏడికెళ్ళి వస్తది తమ్మీ? బాయిల నీళ్ళకన్న బొక్కెనల నీళ్ళు ఎక్కువుంటయా?"

ఈ ప్రశ్న అడగడానికి బీటెక్ అక్కర్లేదు. బీటెక్ ఉన్న నేను స్కోపుని ఈ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. స్టిక్కరు చూశాను, క్యాల్ టెర్మినల్ దగ్గర నాలుగు గళ్ళు చూశాను, చాలనుకున్నాను.

ఆ శనివారమే బస్సెక్కాను. బ్యాగులో మూడు వస్తువులు: ఏడీ 584 చిప్పుతో చేసిన వోల్టేజి రిఫరెన్సు మాడ్యూలు, నియో 6ఎం జీపీఎస్ మాడ్యూలు, ఒక పది మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్. మూడూ కలిపి మన వీకెండ్ సినిమా, పాప్‌కార్న్ ఖర్చుకి అటూ ఇటూ. ఏడీ 584 అనేది 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇచ్చే చిప్పు. దాన్నీ గుడ్డిగా నమ్మలేదు. నా మల్టీమీటరుతో ఒకసారి, అన్న మల్టీమీటరుతో ఒకసారి చూశాం. ఒకదాంట్లో 5.00, ఇంకోదాంట్లో 5.01. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్తున్నారు. ఇక స్కోపుని బోనెక్కించాం.

అరగంట వేడెక్కనిచ్చాక, వేరియబుల్ నాబ్ క్యాల్ స్థానంలో టిక్కుమందో లేదో చూసుకుని (ఈ నాబ్ కొంచెం కదిలి ఉండటం వల్ల "నా స్కోపు పాడైంది" అనుకున్నవాళ్ళు దేశంలో లక్షలమంది ఉంటారని నా అనుమానం), గ్రౌండులో గీతని అడుగు గడికి తెచ్చి, గడికి ఒక వోల్టు పెట్టి, డీసీకి మార్చి 5 వోల్టులిచ్చాం. వీక్ అన్న ఛానెల్ టూలో గీత సరిగ్గా అయిదు గళ్ళు ఎక్కి ఆగింది. పర్ఫెక్ట్ అన్న ఛానెల్ వన్‌లో 5.7 గళ్ళు.

నేనొక నిమిషం ఏమీ మాట్లాడలేదు. అన్న నవ్వాడు.

2.5 వోల్టులకీ, 10 వోల్టులకీ, వేర్వేరు రేంజిల్లో అదే 14 శాతం ఎక్కువ. అంటే రేంజి స్విచ్చులో తప్పు లేదు, మొత్తం ఛానెల్ గెయినే పెరిగి ఉంది. మరి క్యాల్ టెర్మినల్ దగ్గర నాలుగు గళ్ళు ఎలా వచ్చాయి? మల్టీమీటరు డీసీలో పెట్టి ఆ టెర్మినల్ కొలిచాం. సున్నాకీ రెండు వోల్టులకీ మధ్య సగం సగం కొట్టుకునే అల అయితే సగటు ఒక వోల్టు రావాలి. వచ్చింది 0.87. అంటే 2 అని అచ్చేసిన చోట నిజానికి ఉన్నది 1.75 వోల్టులే. తర్వాత పెట్టె విప్పితే, ఆ టెర్మినల్‌కి వెళ్ళే దారిలో ఒక పాత రెసిస్టర్ విలువ ఏళ్ళ తరబడి పెరిగి పెరిగి కూర్చుని ఉంది.

ఇప్పుడు కథ మొత్తం అర్థమవుతుంది. టెర్మినల్ నెమ్మదిగా తగ్గింది. ఎవరో మహానుభావుడు నాలుగు గళ్ళు రావట్లేదని చూసి, తప్పు ఛానెల్‌ది అనుకుని, గెయిన్ స్క్రూ తిప్పి నాలుగు గళ్ళకి తెచ్చాడు. మీద స్టిక్కరు అంటించాడు. టూకి బద్ధకించినట్టున్నాడు, వదిలేశాడు. ఆ బద్ధకం పుణ్యాన అది నిజం చెప్తూనే ఉంది, నిజం చెప్తున్నందుకు వీక్ అనిపించుకుంది. అప్రైజల్ రేటింగులు గుర్తొస్తే నా తప్పు కాదు.

మా కొలీగ్ మాటకి వద్దాం. "ఇంట్లో చేసేది కాలిబ్రేషన్ కాదు." సరే, కాలిబ్రేషన్ అంటే ఏమిటి? కొలతల శాస్త్రానికి అంతర్జాతీయంగా ఒక పదకోశం ఉంది. దాని ప్రకారం కాలిబ్రేషన్ అంటే విలువ తెలిసిన ప్రమాణంతో, ఆ ప్రమాణంలో ఎంత అనిశ్చితి ఉందో కూడా లెక్కలోకి తీసుకుని, పరికరం చూపేదాన్ని పోల్చడం. స్క్రూ తిప్పడం వేరే పని, దాన్ని సర్దుబాటు అంటారు, రెండిటినీ కలపొద్దని ఆ పదకోశమే ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. అందులో "ఏసీ గదిలో" అనీ లేదు, "స్టిక్కరు అంటించాలి" అనీ లేదు. ఈ లెక్కన, స్టిక్కరంటించినవాడు చేసింది సర్దుబాటు మాత్రమే, అదీ తప్పు దిశలో. వర్ధన్నపేటలో స్టూలు మీద కూర్చుని మేం చేసింది కాలిబ్రేషన్.

సర్టిఫికెట్లంటే నాకు కోపం లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుకి పంపిస్తే వచ్చే కాగితంలో ఉండేది "ఓకే" కాదు, అంకెల పట్టిక. ఎంత ఇచ్చాం, ఎంత చూపింది, తేడా ఎంత, మా కొలతలో అనిశ్చితి ఎంత. ఆ ల్యాబు ప్రమాణాన్ని ఇంకా పైనున్న ప్రమాణంతో పోలుస్తారు, ఆ గొలుసు చివరికి ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దాకా వెళ్తుంది. ఆసుపత్రి పరికరాలు తయారుచేస్తున్నా, ఎగుమతి సరుకు పరీక్షిస్తున్నా ఆ గొలుసు కావాల్సిందే. ఇన్వర్టర్ బోర్డులు బాగుచేసే దుకాణానికి ఆ ఖర్చు అక్కర్లేదు. స్కోపు కొన్న ధరకన్నా కాలిబ్రేషన్ బిల్లు ఎక్కువైతే జనం ఏం చేస్తారు? అసలు పోల్చడమే మానేస్తారు. "చేస్తే ల్యాబులోనే, లేకపోతే లేదు" అనే మడి కట్టుకున్న వాదన వల్ల జరిగేది చివరికి ఇదే. ఆ మడికి మూల్యం మా అన్న కట్టిన బోర్డు డబ్బులు.

లెక్క కూడా మన వైపే ఉంది. ఇలాంటి స్కోపు కొత్తగా ఉన్నప్పుడే దాని మాన్యువల్ వాగ్దానం చేసేది మూడు శాతం. పోల్చే వస్తువు దానికన్నా నాలుగింతలు మెరుగైతే చాలని పాత వాడుక. అంటే 0.75 శాతం. మన మామూలు చేతి మల్టీమీటర్లే డీసీలో అర శాతం దగ్గరుంటాయి. పది మెగాహెర్ట్జ్ క్రిస్టల్ డబ్బాలో తప్పు మహా అయితే పదిలక్షల్లో 50, అంటే 0.005 శాతం, స్కోపుకన్నా ఆరొందల రెట్లు మేలు. ఇంతకన్నా ఖరీదైన ప్రమాణం ఈ స్కోపుకి అనవసరం. మేస్త్రి టేపు సరిచూడ్డానికి లేజర్ ఎందుకు?

ఇంట్లో గోడలో ఉన్న కరెంటు సంగతి చూడండి. "యాభై హెర్ట్జ్ రిఫరెన్సా? మన కరెంటా?" అని నవ్వుతారు. 1990ల్లో నవ్వితే న్యాయమే, మన దక్షిణ గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ అప్పట్లో 49కి కిందకి దిగి తీరిగ్గా కూర్చునేది. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్డుని మిగతా దేశంతో కలిపారు. ఇప్పుడు గ్రిడ్ కోడ్ చెప్పే హద్దులు 49.90 నుంచి 50.05. అడుగు హద్దులో ఉన్నా తప్పు 0.2 శాతమే. మూడు శాతం స్కోపులో నెమ్మది రేంజిలు చూడ్డానికి ఇది బంగారం. గడికి 5 మిల్లీసెకన్లు పెడితే ఒక్కో అల నాలుగు గళ్ళు. వోల్టేజికి మాత్రం పనికిరాదు, మా ఊళ్ళో 230 ఎప్పుడు 190 అవుతుందో మోటారు కాలినవాళ్ళని అడగాలి. ఇంకో మాట: ప్రోబుని సాకెట్లో పెట్టకండి నాయనా. దాని గ్రౌండు క్లిప్పు స్కోపు బాడీతో పాటు ఎర్తుకి కలిసి ఉంటుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, 6 వోల్టుల వైపు చూడండి.

కాలం వైపు మేం చేసింది జీపీఎస్‌తో. ఆ నియో 6ఎం మాడ్యూలు టైంపల్స్‌ని కిలోహెర్ట్జ్ దాకా మార్చుకోవచ్చు. రేకుల కింద సిగ్నల్ అందక యాంటెన్నాని కిటికీలోంచి బయటికి వేలాడదీశాం. తాళం దొరికాక ఒక్కో పల్సు అంచు సుమారు 30 నానోసెకన్ల తేడాలో వస్తుంది, వెనక ఉన్నవి ఉపగ్రహాల్లోని అణుగడియారాలు. గడికి ఒక మిల్లీసెకను పెడితే గడికో పల్సు పడాలి. ఎనిమిది గళ్ళ దగ్గరికొచ్చేసరికి 0.15 గడి జరిగింది, అంటే రెండు శాతానికి కాస్త తక్కువ. క్రిస్టల్‌ని ఒక కౌంటర్ చిప్పుతో పదో వంతు చేసి మెగాహెర్ట్జ్ దగ్గర చూసినా దాదాపు అంతే. మాన్యువల్ హద్దులోనే ఉంది.

ఇక్కడ నా చెయ్యి స్క్రూడ్రైవర్ వైపు వెళ్ళింది. దురద. అన్నే ఆపాడు. "మంచిగున్నదాన్ని ఎందుకు గెలుకుడు? రెండు తక్కువని రాసుకుంటే అయిపాయె." ఈ దురద విషయంలో హాబీ జనం మీద కూడా నాకు ఫిర్యాదుంది. పాత స్కోపు కొనగానే మూత విప్పి కనబడ్డ ప్రతి ట్రిమ్మర్నీ తిప్పి "కాలిబ్రేట్ చేశా" అంటారు. ముందు సప్లయి వోల్టేజిలు చూడాలి, అవి కదిలితే మిగతావన్నీ కదులుతాయి. ట్యూబు వెనక రెండు వేల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకాక కూడా కాసేపు ఉంటాయి. ఇవి పక్కనపెట్టినా, తిప్పకముందు ఎంత తప్పు చూపిందో రాసుకోనివాడు సాక్ష్యం చెరిపేసినట్టే. మేం తిప్పింది రెండే: రెసిస్టర్ మార్చి, ఛానెల్ వన్ గెయిన్ వెనక్కి తెచ్చాం. మిగతాది కాగితం మీద రాశాం.

"ఇంత గోల ఎందుకు, పాతిక ముప్పై వేలు పెడితే కొత్త డిజిటల్ది వస్తుంది, సెల్ఫ్ క్యాల్ బటన్ కూడా ఉంటుంది" అన్నది ఇంకో కొలీగ్. కొనుక్కోండి, మంచిదే. కానీ ఆ బటన్ నొక్కితే స్కోపు తన లోపలున్న రిఫరెన్సుతో తన్ని తాను పోల్చుకుంటుంది. లోపలి రిఫరెన్సు జరిగితే? మా స్కోపు కథే, కాకపోతే అందమైన స్క్రీన్ మీద. "పాస్" అని పచ్చగా వస్తుంది కూడా.

పచ్చ అంటే గుర్తొచ్చింది. ఈ తప్పు మనకి కొత్తా? టెస్టు ఫెయిలైతే కోడు ఇచ్చిన అవుట్‌పుట్‌నే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూలో పేస్ట్ చేసి బిల్డ్ పచ్చగా చేసినవాళ్ళు చేతులెత్తండి. నేను రెండు చేతులూ ఎత్తుతున్నాను, రిలీజుకి ముందు శుక్రవారం రాత్రి. స్క్రూ తిప్పి నాలుగు గళ్ళు తెప్పించినవాడు చేసింది అక్షరాలా ఇదే. వాణ్ణి తిడుతుంటే నాకు మధ్యలో గొంతు తగ్గింది, అది నిజం. ఆ తర్వాతి వారం మా ప్రాజెక్టులో లెక్కలు కట్టే మాడ్యూలు టెస్టులు తిరగేశాను. ఎక్స్‌పెక్టెడ్ అంకెలు ఎక్కడివని అడిగితే సగానికి పైగా వాటికి ఎవరి దగ్గరా సమాధానం లేదు. కోడు ఇచ్చిందే పెట్టారు. కొన్నింటి కమిట్ మీద నా పేరే ఉంది.

ఇస్రో సంగతే తీసుకోండి. మన నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్ 1ఏలో ఉన్న మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయని 2017లో బయటికొచ్చింది. అన్నీ దిగుమతి సరుకే, కాగితాలన్నీ పక్కాగా ఉండే ఉంటాయి. కానీ అలాంటి వ్యవస్థలో పైనున్న గడియారాన్ని కింది గడియారాలతో ఎప్పుడూ పోలుస్తూనే ఉంటారు, అందుకే చెడిపోయిన గడియారం దాగదు. 2023లో ఎన్‌వీఎస్ 01తో మన సొంత రుబీడియం గడియారం పైకి వెళ్ళింది. దాన్ని కూడా మనదే కదా అని పోల్చకుండా వదిలెయ్యరు.

వర్ధన్నపేటలో ఈ సంగతి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. వడ్లు అమ్మేవాడు ఇంటి దగ్గరో, తెలిసినవాళ్ళ కాంటా మీదో ఒక బస్తా తూచుకుని వెళ్తాడు. అక్కడ ఆ బస్తానే ముందు పెడతాడు. కాంటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండొచ్చు, ఎలక్ట్రానిక్ కాంటాకి ఏడాదికోసారి ముద్ర పడాలని చట్టమూ ఉంది. అయినా తన బస్తా తను పెడతాడు. ఎందుకంటే తేడా వస్తే పోయేది తన వడ్లు. ముద్ర వేసినవాడి జేబులోంచి ఏమీ పోదు, స్టిక్కరంటించినవాడి జేబులోంచి ఏమీ పోనట్టే, స్కోపుని బహుమతిగా ఇచ్చిన నా జేబులోంచీ ఏమీ పోనట్టే. బోర్డు డబ్బులు నేనిస్తానంటే అన్న తీసుకోలేదు. "నువ్వు ఇచ్చిందాన్ని నేను సూసుకోకుండ నమ్మిన, నీ తప్పెంత, నా తప్పంత" అన్నాడు. నా లెక్క ప్రకారం అది సమానం కాదు.

ఇంకా మిగిలిన పనుంది. స్కోపు ఇరవై మెగాహెర్ట్జ్ దాకా నిజంగా వెళ్తోందా అన్నది చూడలేదు, దానికి సరిపడా వేగమున్న అంచు కావాలి. లెక్క ప్రకారం స్కోపు సొంత రైజ్ టైము 17.5 నానోసెకన్లు, దానికన్నా బాగా వేగంగా లేచే పల్సు తయారుచేసుకుని దసరాకి వెళ్ళాలి.

ఆదివారం సాయంత్రం పాత స్టిక్కరు గోకి తీసేసి, ఆ చోట ఒక చీటీ అంటించాం. తేదీ, దేంతో పోల్చామో, ఏ రేంజిలో ఎంత తేడానో, ఏం చూడలేదో. రాత అన్నది, "ఓకే" అన్న మాట లేదు. ఏడీ 584 మాడ్యూలు బ్యాగులో సర్దుకుంటుంటే, "అది ఈడనే ఉండనీ తమ్మీ" అన్నాడు. ఇప్పుడది వైరు కట్టి స్కోపు పక్కనే వేలాడుతోంది. పొద్దున దుకాణం తెరవగానే ముందు దాన్ని పెట్టి అయిదు గళ్ళు చూసుకున్నాకే పని మొదలట. నేను ఇంకోటి ఆర్డర్ పెట్టుకున్నాను.